బిల్లు మీద ఎర్ర గీత

నేను చదివింది పల్లెటూరి బడిలో అయిదో తరగతి వరకే. అయినా పదకొండేళ్లు పాల సంఘానికి కార్యదర్శిగా ఉండి చుక్క తేడా రానివ్వలేదు. ఇరవై రెండు కాపురం తగాదాలు కూర్చోబెట్టి తీర్చాను. వాటిలో ఒక్కటే మళ్లీ రాజుకుంది, అదీ అత్తగారి వల్ల. ఇరవై మూడోది మా చెల్లెలి ఇంట్లోనే పుడుతుందని మాత్రం అనుకోలేదు.

మా చెల్లెలి భర్త ముప్పై ఒక్కేళ్లు బస్సుల్లో టిక్కెట్లు తనిఖీ చేసి రిటైరైన మనిషి. బంధువులంతా చెకింగ్ బావ అంటారు. నేను వయసులో పెద్దవాణ్ణయినా ఆయన్ని బావగారూ అనే పిలుస్తాను, ఆయనా నన్ను అలాగే పిలుస్తాడు. వాళ్ల ఊరి చివర ఒక గోదాము కొట్టు ఉంది. ఏటా రుసుము కట్టి కార్డు తీసుకున్న సభ్యులనే లోపలికి రానిస్తారు. ఏది కొన్నా పెట్టెల లెక్కన కొనాలి. బావగారు తొమ్మిదేళ్లుగా ఒక్క శనివారం తప్పకుండా అక్కడికి వెళ్తున్నాడు. ఇంట్లో ఉండేదేమో ఇద్దరు.

నేను వెళ్లేసరికి చెల్లెలు నాకు కుర్చీ వేయలేదు, సబ్బుల పెట్టె జరిపింది.

"కూర్చో అన్నయ్యా. గట్టిగానే ఉంటుంది. రెండేళ్లుగా దీని మీద కూర్చునే కూరలు తరుగుతున్నాను."

స్నానాలగదిలో మనిషి నిలబడే చోట సబ్బుపొడి డబ్బాలున్నాయి. మంచం కింద ఆరు చీపుళ్లు, టీవీ వెనక నూనె డబ్బాలు. టూత్ బ్రష్షులు ఎన్ని ఉన్నాయని అడిగితే, ఇద్దరి పళ్లూ రాలిపోయాక కూడా మిగులుతాయని చెప్పింది.

సంగతేమిటంటే, ఆయన కార్డు గడువు ఆదివారంతో తీరిపోతుంది. ఈసారి రుసుము కట్టడానికి వీల్లేదని చెల్లెలు భీష్మించుకుని, కార్డు బీరువాలో పెట్టి తాళం వేసింది. ఆయన నాలుగు రోజులుగా భోజనం మధ్యలో లేచిపోతున్నాడు. కార్డు లేకపోతే తనకి శనివారమే లేదంటాడు. ఎందుకయ్యా అంటే మాత్రం నోరు విప్పడు.

చూడకుండా తీర్పు చెప్పే అలవాటు నాకు లేదు. శనివారం ఉదయం బీరువా తెరిపించి, కార్డు తీసుకుని ఆయనతో బయలుదేరాను.

కొట్టులో ఆయన వరస చూసి బిత్తరపోయాను. ధర చూడడు, అవసరం చూడడు. చేతికందింది తోపుడుబండిలో వేసి, పెద్దవి అడుగున, చిన్నవి పైన, పేర్లు బయటికి కనబడేటట్టు సర్దుతాడు. ఇంత సింగారం దేనికని అడిగితే, అమ్మాయి లెక్కపెట్టడానికి వీలుగా ఉండాలి కదా అన్నాడు.

ఏ అమ్మాయో గేటు దగ్గర తెలిసింది. డబ్బు కట్టేశాక కూడా అక్కడ ఒక తనిఖీ ఉంది. ముప్పై దాటిన అమ్మాయి ఒకతె ఎర్ర స్కెచ్ పెన్ను పట్టుకుని, బిల్లు చూసి, బండిలో వస్తువులు లెక్కపెట్టి గీత గీస్తేనే బయటికి పోవాలి. వరసలో అందరూ విసుక్కుంటూ ఉంటే, మా బావగారు ఒక్కడే ఫొటో దిగేవాడిలా నిలబడ్డాడు.

ఆ రోజు రద్దీ ఎక్కువ. ఆ అమ్మాయి ఆయన్ని చూసి నవ్వి, మీది చూసేదేముంది సార్, తెలిసినవాళ్లేగా అంటూ గీత గీసేసింది.

బావగారి ముఖం మాడిపోయింది. అక్కణ్ణించి కదల్లేదు.

"తెలిసినవాళ్లనే ముందు చూడాలమ్మా. నా సర్వీసులో సొంత మేనమామని బస్సు దింపేశాను. లెక్కపెట్టు."

వెనక జనం గొణిగారు. పోలీసుని పిలిచి మరీ జేబులు చూపించే మనిషిని ఇప్పుడే చూస్తున్నానని ఒకాయన అన్నాడు. పాపం, ఆ అమ్మాయి లెక్కపెట్టింది. బిల్లులో పద్నాలుగు. బండిలో పదిహేను. మళ్లీ లెక్కపెట్టింది. పదిహేనే. బండి కింది అరలో ఒక గొడుగుల జత ఉంది.

అది నేను పెట్టింది. మా ఇంటికి పనికొస్తుందని పెట్టి, బిల్లు వేసేటప్పుడు చెప్పడం మరిచాను. పాల సంఘంలో చుక్క తేడా రానివ్వని చేతుల మీదుగా రెండు గొడుగులు తేడా వచ్చాయి. జరిగింది జరిగినట్టు రాయాలి కాబట్టి రాస్తున్నాను.

నాకు చెమటలు పట్టాయి. బావగారు మాత్రం వెలిగిపోయాడు. ఉద్యోగంలో ఉన్నప్పటి గొంతుతో నా వైపు తిరిగాడు.

"పెద్దాయనా, పక్కకి రండి."

వెళ్లక చస్తానా. గొడుగులకి డబ్బు కట్టి వచ్చాను. ఆ అమ్మాయి నా బిల్లు మీద ఎర్ర గీత గీసింది.

అద్దెబండిలో తిరిగి వస్తూ, సబ్బుపొడి డబ్బా ఒళ్లో పెట్టుకుని ఆయన అసలు మాట బయటపెట్టాడు.

"ముప్పై ఒక్కేళ్లలో నాకు ఒక్కడూ నవ్వుతూ టిక్కెట్టు చూపించలేదు బావగారూ. నేను ఎక్కగానే అందరూ కిటికీలోంచి బయటికి చూసేవాళ్లు. ఈ కొట్టుకి మొదటిసారి కార్డు తీసుకుని, ఊరికే చూద్దామని వచ్చి ఒక సబ్బుల పెట్టె కొన్నాను. ఆ అమ్మాయి కొత్త. నా ముందువాడు బిల్లు ఆమె ముఖాన కొట్టిపోయాడు. నా దగ్గరికి వచ్చేసరికి రెండుసార్లు లెక్క తప్పింది. తొందరేం లేదమ్మా, నిదానంగా లెక్కపెట్టుకో అన్నాను. వారానికి ఒక్కడైనా నవ్వుతూ చూపించాలి కదా, అందుకని వస్తున్నాను."

నేను ఆ డబ్బా అందుకుని నా ఒళ్లో పెట్టుకున్నాను.

ఇంటికి రాగానే ఆయన ముందుగా గొడుగుల సంగతే చెప్పాడు. చెల్లెలు సబ్బుల పెట్టె మీద కూలబడి కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. ఆ నవ్వు ఆగాక మిగతా సంగతి నేను చెప్పాను. విని, కొంగుతో ముఖం తుడుచుకుంది. అదను చూసి తీర్పు చెప్పాను: కార్డు ఉండాలి, గడప దాటి కొత్త పెట్టె రాకూడదు.

"ఏమీ కొనకపోతే ఆ పిల్ల ఏం లెక్కపెడుతుంది అన్నయ్యా?" అంది చెల్లెలు. మళ్లీ తనే తేల్చింది. "వారానికి ఒక్కటి. అదీ నేను రాసిచ్చిందే."

ఆ విధంగా ఇరవై మూడో తగాదా కూడా తీర్చాను.

మొన్న వెళ్లినప్పుడు మళ్లీ ఆయనతో కొట్టుకి వెళ్లాను. బావగారు మంచమంత బండి తోసుకుంటూ వచ్చి గేటు దగ్గర ఆపాడు. అందులో, సరిగ్గా నడిమధ్యన, పేరు పైకి కనబడేటట్టు, ఒకే ఒక్క ఉప్పు బస్తా ఉంది. ఆ అమ్మాయి బిల్లు చదివింది. బండి చుట్టూ తిరిగింది. వంగి కింది అర చూసింది. ఒకటి అంటూ పైకే లెక్కపెట్టి, గీత గీసింది. బావగారు నవ్వుతూ బిల్లు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

తర్వాత ఆమె నా చేతిసంచీ కూడా తెరవమంది.