కామా మేడమ్ గ్రామర్ క్లాసు

ఆ లిఫ్టుల కంపెనీలో ఎవరికి ఏ ఇంగ్లిష్ ఉత్తరం పంపాలన్నా, కాగితం ముందు రెండో అంతస్తులో కిటికీ పక్క బల్ల మీదికి వెళ్ళేది. అక్కడ కూర్చునే ఆవిడను అందరూ చాటుగా కామా మేడమ్ అనేవాళ్ళు. సెలవు చీటీ అయినా సరే, కామా లేనిచోట ఎర్ర పెన్నుతో ఒకటి పెట్టి గానీ తిరిగి ఇచ్చేది కాదు. ఆ పేరు చెవిన పడితే పైకి కోపం నటించేది గానీ లోపల పొంగిపోయేది. తన పెళ్ళి మాట ఎవరినీ ఎత్తనివ్వకుండా తమ్ముణ్ణి చదివించి ఒక ఇంటివాణ్ణి చేసిన మనిషి. ఆఫీసులో ఆ బల్ల, ఇంట్లో తమ్ముడు, రెండూ తనవేనన్న ధీమాతో బతికేది.

తమ్ముడి భార్యను అదే సెక్షన్‌లో చేర్పించింది కూడా ఆవిడే. మా మరదలు, ఇంగ్లిష్ ఫర్వాలేదు, నేను దిద్దుకుంటానని మేనేజర్‌కి భరోసా ఇచ్చింది.

దిద్దాల్సిన అవసరం పెద్దగా రాలేదు. ఆ అమ్మాయి పొట్టి పొట్టి వాక్యాలు రాసేది. మీ లిఫ్టు ఆగిందని తెలిసింది. మా మనిషి రేపు పొద్దున వస్తాడు. అప్పటిదాకా మెట్లు వాడండి. అంతే. కామా మేడమ్ కంటికి అవి చిన్నపిల్లల రాతల్లా కనిపించేవి. కానీ ఆ ఉత్తరాలు అందినవాళ్ళు మళ్ళీ ఫోన్ చేసి కేకలేసేవాళ్ళు కాదు. ఒకరోజు మేనేజర్ ఫైలు పట్టుకుని కిటికీ వైపు వచ్చాడు. ఆవిడ చెయ్యి చాపింది. ఆయన చూసుకోకుండా దాటిపోయి, ఆ ఫైలు మరదలి బల్ల మీద పెట్టాడు. చాపిన చేత్తో కామా మేడమ్ కిటికీ రెక్క మూసింది. కడుపులో మంట ఆ రోజే అంటుకుంది.

ఇక అదే పని అయింది. భోజనం వేళ అందరూ కిందికి వెళ్ళాక మరదలి ఉత్తరాల కాపీలు తీసి తప్పుల కోసం గాలించేది. ఒకసారి 'ది' అనే ఆర్టికల్ ఉండాల్సిన చోట లేదు. ఆ సాయంత్రమంతా లోకం ఎంతో ముచ్చటగా కనిపించింది. ఇంట్లో భోంచేస్తుంటే తమ్ముడు, ఆఫీసులో తన భార్యకు మంచి పేరొచ్చిందట కదా, అంతా అక్క చలవేనన్నాడు. ఆవిడ మజ్జిగ వద్దని లేచి చెయ్యి కడుక్కుంది.

కళ్ళజోళ్ళ దుకాణం పైన అడ్వాన్స్‌డ్ గ్రామర్ క్లాసు ఉందని బోర్డు చూసి చేరింది. ఇంట్లో మాత్రం డాక్టర్ నడవమన్నాడని చెప్పింది. పాఠం చెప్పే మాస్టారు ఒకప్పుడు పత్రికలో ప్రూఫులు దిద్దినాయన. మెచ్చుకోవడం తెలియని మనిషి. ఆవిడ కసిగా నేర్చుకుంది. జరగని పనిని 'హాడ్'తో మొదలుపెట్టి వాక్యాన్ని తలకిందులు చేయడం, కర్తను మాయం చేసే పాసివ్, ఒకదాంట్లో ఒకటి ఇమిడిపోయే క్లాజులు. కొత్తది ఏది పట్టుబడినా మొదట వచ్చే ఆలోచన ఒక్కటే. ఇది దానికి రాదు.

నేర్చింది చూపించే అవకాశం తొందరలోనే వచ్చింది. ఒక హాస్టల్లో లిఫ్టు మధ్యలో ఆగి ఇద్దరు అందులో ఇరుక్కున్నారు. వాళ్ళని బయటికి తీశారు గానీ హాస్టల్ వాళ్ళు మండిపడ్డారు. పెద్ద వ్యవహారం కదా, మేనేజర్ ఫైలు కామా మేడమ్‌కే ఇచ్చాడు. ఆవిడ ఒక పూటంతా కూర్చుని పేజీ నిండా రాసింది. బ్రేకు పరీక్షించబడి ఉన్నట్లయితే ఈ అసౌకర్యం నివారించబడి ఉండేదన్న వాక్యం ఐదు వరసలు సాగింది. దాన్ని చూసుకుని తానే మురిసిపోయింది.

ఉత్తరం అందాక హాస్టల్ వార్డెన్ ఫోన్ చేసింది. మేనేజర్ స్పీకర్ నొక్కాడు.

"ఉత్తరం రెండుసార్లు చదివానండీ. ఇంతకీ పిల్లలు లిఫ్టు ఎక్కొచ్చా, ఎక్కకూడదా?"

సెక్షన్‌లో ఎవరో నవ్వాపుకోలేక దగ్గారు. మేనేజర్ మరదల్ని పిలిచి మరో ఉత్తరం రాయమన్నాడు. ఆమె టీ చల్లారేలోపు రాసిచ్చేసింది.

కామా మేడమ్ రెండు ఉత్తరాలకూ కాపీలు తీసి మాస్టారి ముందు పెట్టింది. ఏది ఎవరిదో చెప్పలేదు. మరదలి ఉత్తరంలో ఆయన రెండుచోట్ల ఎర్రగా గీశాడు. ఆవిడ ప్రాణం లేచొచ్చింది. తన ఉత్తరంలో ఒక్క గీతా పడలేదు.

"ఈ పొడుగుదాంట్లో తప్పు లేదు. కానీ నేనైతే ఆ రెండు తప్పులూ దిద్ది, ఇదిగో, దీన్నే పంపుతాను" అని మరదలి కాగితం పైకెత్తాడు.

"ఎందుకండీ?"

"బ్రేకు పరీక్షించాల్సింది ఎవరు?"

"మా టెక్నీషియన్."

"మరి ఈ వాక్యంలో ఆయన ఏడి? చేసినవాడు ఎవరో తెలియనప్పుడు పాసివ్ వాడతాం. తెలిసీ దాచడానికి వాడితే చదివేవాడికి ఇట్టే తెలిసిపోతుంది."

ఆ మాట నచ్చలేదు. ఇంటికి తీసుకెళ్ళడానికి ఎర్రగీతలు మాత్రం నచ్చాయి. వెళ్ళగానే కాగితం మరదలి చేతిలో పెట్టి, చూసుకో, రెండు తప్పులంది. మరదలి మొహం చిన్నబోయింది. కాసేపు గీతల వంక చూసి, దిద్దినవాళ్ళు ఎవరని అడిగింది. క్లాసు సంగతి చెప్పక తప్పలేదు.

"నన్నూ చేర్పిస్తారా వదినా? ఇవి నాకు ఎవరూ నేర్పలేదు."

కామా మేడమ్ లోపల లెక్క వేసుకుంది. ఉన్న ఆ ఒక్క పైచేయీ పోతే ఇక తన దగ్గర ఏం మిగులుతుంది?

"సీట్లు లేవమ్మా. నిండిపోయాయి."

తర్వాతి వారం ఆవిడ క్లాసులో కూర్చుని తలెత్తేసరికి మరదలు పక్కన సర్దుకుని కూర్చుంటోంది. దిద్దిన కాగితం అడుగున మాస్టారు వేసిన క్లాసు చిరునామా ముద్ర ఉన్న సంగతి కామా మేడమ్ చూసుకోలేదు.

"ఒకటి ఖాళీ అయిందట వదినా" అంది మరదలు, పుస్తకం తెరుస్తూ.

ఇద్దరూ ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. పక్కపక్కవాళ్ళు కాగితాలు మార్చుకుని దిద్దుకోవాలన్నది మాస్టారి పద్ధతి. మరదలికి 'హాడ్'తో మొదలయ్యే వాక్యాలు కొరుకుడు పడేవి కావు. వదిన వాటిని తీరిగ్గా దిద్దేది. వదిన పొడుగు వాక్యాల కింద మరదలు పెన్సిల్‌తో 'ఎవరు?' అని రాసి ఇచ్చేది. మొదట్లో ఆ ప్రశ్న చూస్తే ఒళ్ళు మండేది. పోనుపోను, అది రాకముందే తానే కర్తను వెతికి పెట్టడం అలవాటైంది.

వానలు మొదలయ్యాక ఒక క్లినిక్‌లో లిఫ్టు తాడు అరిగి ఆగిపోయింది. పోయిన నెల తనిఖీకి కంపెనీ మనిషి వెళ్ళనే లేదు. ఆ ఉత్తరం రాసే పని మరదలికి వచ్చింది. ఆమె ఎన్నిసార్లు రాసినా బుకాయిస్తున్నట్టే ఉంది. మేనేజర్ దాన్ని కిటికీ పక్క బల్లకి పంపాడు. కామా మేడమ్ నాలుగు ముక్కలు రాసింది. మా టెక్నీషియన్ పోయిన నెల రాలేదు. వచ్చి ఉంటే తాడు అరగడం అప్పుడే చూసి ఉండేవాడు. తప్పు మాది. తాడు మార్చేదాకా లిఫ్టు ఎక్కకండి.

"తప్పు మాది అని రాసివ్వాలా?" అన్నాడు మేనేజర్.

"వాళ్ళకి తెలిసిన విషయమే కదండీ."

ఆయన ఇంకోసారి చదివి సంతకం పెట్టాడు. క్లినిక్ డాక్టర్ ఫోన్ చేసి, ఏ కంపెనీ నుంచీ ఇలాంటి ఉత్తరం రాలేదన్నాడట.

సాయంత్రం మరదలు ఫైలు దగ్గర నిలబడి ఆ కాపీ చదువుతుంటే కామా మేడమ్ చూసింది. ఆ అమ్మాయి రెండో వాక్యంలో 'హాడ్' దగ్గర ఆగింది. తప్పు కోసం వెతికింది. దొరకలేదు. పెదవి కొంచెం బిగిసింది. ఆ మొహం అర్థం కావడానికి కామా మేడమ్‌కి ఎవరి సాయమూ అక్కర్లేకపోయింది. డాక్టర్ మెప్పు కన్నా అదే తియ్యగా అనిపించింది. వెంటనే కొంచెం సిగ్గూ వేసింది, కానీ తీపి పోలేదు.

"బాగా రాశారు వదినా" అంది మరదలు, ఫైలు మూసేస్తూ.

"నీ దగ్గర కొట్టేసిందేలే. పద, క్లాసుకి టైమవుతోంది."

ఇద్దరూ ఒకే గొడుగు కింద వెళ్ళారు. క్లాసులో ఎప్పటిలాగే పక్కపక్కన కూర్చుని, ఒకరికొకరు కనబడకుండా అరచేయి అడ్డం పెట్టుకుని రాయడం మొదలుపెట్టారు.