మా మామ నడుముకు నేను వేసిన మార్కులు

ఒకే ఒక్క తప్పుతో వీధి వీధంతటికీ నవ్వూ, ఇంటిల్లిపాదికీ ఏడుపూ పంచిపెట్టిన మొనగాణ్ణి చూడాలంటే ఎమ్మిగనూరు నేతగాళ్ళ వీధికి వచ్చి నా పేరు అడగండి. నవ్వొస్తే నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నాకు మాత్రం ఇప్పటికీ సగం నవ్వే వస్తుంది. మిగతా సగం గొంతులో అడ్డం పడుతుంది.

మిస్డ్ కాల్ ఇచ్చి బతికే రోజులవి. నాకు ఇరవై ఏడేళ్ళు, పెళ్ళయి ఏడాది. సొంతూరు ఎర్రగుంట్ల. ఎమ్మిగనూరులో ఒక డాక్టరమ్మ దగ్గర చీట్లు రాసే ఉద్యోగం దొరికితే, వేరే ఇల్లెందుకని మామగారింట్లోనే దిగబడ్డాను. మామ పేరు తిప్పన్న. నలభై ఏళ్ళుగా గుంట మగ్గం మీద చీరలు నేస్తున్న మనిషి. ఆరేళ్ళుగా నడుము నొప్పి. ఫొటోలు తీయించారు, మందులు మింగించారు. ప్రమాదమేమీ లేదని డాక్టరమ్మ తేల్చింది గానీ, నొప్పి మాత్రం ఇల్లు ఖాళీ చేయలేదు, నాలాగే.

ఆయనకు ఉన్న కోరికల్లా ఒకటే. ఏటా వీధిలోని నేతగాళ్ళతో కలిసి మంత్రాలయానికి నడిచి పోయేవాడు. రెండేళ్ళుగా అది ఆగిపోయింది.

"బస్సులో పో మామా" అంటే, "బస్సులో పోతే బస్సు పోయినట్లు గదప్పా, నేను యాడ పోయినట్లు?" అనేవాడు.

ఇట్లాంటి పాత నొప్పులవాళ్ళకు ఆలోచననూ అలవాటునూ మార్చి ఊరట ఇచ్చే పద్ధతి ఒకటుందనీ, కర్నూల్లో రెండు రోజులు నేర్పుతున్నారనీ డాక్టరమ్మ నన్ను పంపింది. ఎగిరి గంతేసి పోయాను. మొదటి క్లాసు పొద్దున తొమ్మిదికి. కానీ బస్టాండు పక్కన వేడివేడి బొరుగుల ఉగ్గాణి, దాని మీద పప్పుల పొడి, పక్కన మిరపకాయ బజ్జీ. మీరైతే ఏం చేసేవారు? నేనూ అదే చేశాను, రెండు ప్లేట్లు చేశాను. మొదటి క్లాసంటే ఎట్లాగూ దీపం వెలిగించడం, శాలువాలు కప్పడమే కదా అనుకుని, పదకొండుకు మూతి తుడుచుకుంటూ లోపలికి అడుగుపెట్టాను. అప్పటికి బోర్డు మీద 'ఆలోచనను పట్టుకో, ప్రశ్నించు, మార్చు' అని రాసి ఉంది. ఆ మూడు ముక్కలూ పట్టుకుని, వాళ్ళిచ్చిన పుస్తకం చంకన పెట్టుకుని, అర డాక్టరునై ఇంటికొచ్చాను. తా దూర కంత లేదు, మెడకో డోలు అంటారే, నా మెడకు రెండు డోళ్ళు.

మర్నాడు పొద్దునే మగ్గం పక్కన చతికిలబడ్డాను.

"మామా, నీ నొప్పి పదికి ఎంత?"

"మూర నేస్తే మొదలైతాది. రెండు మూరలకు కాలిదాకా దిగతాది."

"మూరలు కాదు మామా, మార్కులు. పదికి ఎన్ని?"

"మార్కులు నాకు బళ్ళోనే రాలేదప్పా, ఇప్పుడొస్తాయా? సరే, ఎనిమిది ఏసుకో."

"ఎనిమిదా? అదిగో, ఆ ఆలోచనే తప్పు! ఎనిమిది అనేదానికి రుజువేది?"

"రుజువేందప్పా? నా నడుమే గదా!"

"అది నడుము కాదు మామా, నీ ఆలోచన."

ఆయన మగ్గం ఆపి నా మొహంలోకి చూశాడు. నా మొహం అప్పటికే కొంచెం చిన్నబోయి ఉంటుంది. "అయితే ఏడు" అన్నాడు. నేను మళ్ళీ రుజువు అడిగాను. ఆరయింది, నాలుగయింది. గంటలో రెండుకు దింపి లేచాను.

నా భార్య నాగమణి గడపలో కూర్చుని నూలు కండెలు చుడుతూ అంతా విన్నది. "ఇదో, మా నాయిన నడుమేమన్నా పత్తికొండ సంతలో టమాటా గంపా, అట్ల బేరమాడతాండావు?" అంది.

"నీకు తెలీదులే, ఇది శాస్త్రం" అన్నాను. చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా.

అంతటితో ఊరుకుంటే ఈ కథే లేదు. ఇంట్లో ఎవరూ 'నొప్పి' అనే మాట అనకూడదని చట్టం చేశాను. దానికి బదులు 'చిన్న అసౌకర్యం' అనాలి. పాపం మామ నోరు తిరక్క తంటాలు పడేవాడు. "చిన్న అసో... అదే నాయనా, నువ్వు చెప్పింది, ఈ పొద్దు శానా వస్తాండాది" అనేవాడు. "చిన్నది శానా ఎట్లా వస్తుంది మామా?" అని నేను దిద్దేవాణ్ణి. రెండు రోజులకు ఆ మాట కూడా మానేశాడు. మగ్గం స్తంభానికి దారంతో ఒక నోటుపుస్తకం కట్టి, "ఎప్పుడొస్తే అప్పుడు గుర్తు పెట్టు మామా" అన్నాను. అట్లాగేనన్నాడు. పన్నెండు రోజుల తర్వాత తెరిచి చూస్తే పుస్తకంలో ఒక్క గీతైనా లేదు.

తెల్లకాగితం చూసి అంత పొంగిపోయినవాణ్ణి నన్నే చూడాలి. గీత లేదంటే నొప్పి లేదు, నొప్పి లేదంటే నేను గెలిచాను! వీధంతా చాటుకున్నాను. పక్కింటి హుసేన్ సాబ్ మోకాలు పట్టుకుని వచ్చేశాడు.

"ఏమప్పా, తిప్పన్న నడుము బాగు చేసినావంట? నా మోకాలికి గూడ నాలుగు మార్కులు తగ్గియ్యప్పా, నీకు పుణ్యముంటాది."

"ఆదివారం అందరి ముందూ చూపిస్తా, రా" అన్నాను. డాక్టరమ్మను కూడా పిలిచాను. నడక ఇంకో పది రోజుల్లో ఉంది. మామ ఈసారి మంత్రాలయం నడుస్తాడని మామ తరపున నేనే మాటిచ్చేశాను.

ఆదివారం పొద్దున వాకిలి నిండా జనం. మామ గుంటలో కూర్చుని నేస్తున్నాడు. నేను నోటుపుస్తకం ఎత్తి తెల్ల కాగితాలు అందరికీ తిప్పి చూపించాను. ఉపన్యాసం పావుగంట. ఆఖరికి, "మామా, లేచి నాలుగడుగులు వెయ్యి" అన్నాను.

మామ రెండు చేతులూ గట్టు మీద ఆనించి లేవబోయాడు. సగం లేచి అక్కడే ఆగిపోయాడు. మొహం రంగు వెయ్యని నూలులా పాలిపోయింది. నా వైపు చూశాడు. "చిన్న..." అన్నాడు. మళ్ళీ "చిన్న..." అన్నాడు. ఆ రెండో మాట నోటికి రాలేదు. "అమ్మా" అని గుంటలోకే ఒరిగిపోయాడు.

అంత బాధలోనూ ఆ మనిషి నేను నేర్పిన మాట అనడానికే చూశాడండీ. అది తలుచుకుంటే ఇప్పటికీ అన్నం సయించదు.

హుసేన్ సాబ్ తన మోకాలి సంగతి మరిచి గుంటలోకి దిగాడు. ఇద్దరం కలిసి పైకెత్తి చాప మీద పడుకోబెట్టాం. డాక్టరమ్మ పరీక్ష చేసి, కండరాలు పట్టేశాయనీ, భయమేమీ లేదనీ సూది వేసింది. లేస్తూ లేస్తూ మగ్గం వైపు చూసి ఆగింది.

"తిప్పన్నా, ఈ అంచులో ఎర్ర దారాలేంటివి?"

నాగమణి నేసిన బట్టను కర్ర మీంచి విప్పి పరిచింది. మూడు చీరలు వరసగా ఉన్నాయి. మొదటి చీర అంచులో మూరకొక ఎర్ర దారం ముడి. రెండో చీరలో ఇంకొంచెం దగ్గర. మూడో చీరలో జానకొకటి.

మామ పడుకునే చెప్పాడు. "అల్లుడు గుర్తు పెట్టమన్నాడు గదమ్మా. రెండు చేతులూ మగ్గం మీద ఉంటే యాడ రాసేది? వచ్చినప్పుడల్లా ఒక దారం ముడేసినా. చీర కోసినాక పుస్తకంలో ఎక్కిద్దామనుకుంటి."

"మరి ఎందుకు ఎక్కించలేదు?"

మామ నా మీంచి చూపు తిప్పుకున్నాడు. "మొదటి దినం ఎనిమిది అన్నా. అల్లుని ముఖం వాడిపాయ. కర్నూలు పోయి నేర్చుకోనొచ్చినాడు. అల్లుడు ఒకటి చెప్తే, కాదని నలుగురిలో వాన్ని తక్కువ చేసేదానికి నాకు నోరు రాలేదమ్మా."

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. "నీ పుస్తకం తే" అంది. తెచ్చాను. మొదటి పాఠం తెరిచి చదవమంది. ఇన్ని రోజులుగా నా చంకలో తిరిగిన ఆ పేజీని అప్పుడే మొదటిసారి చూశాను. "ముందు నమ్మండి. నొప్పి ఎంతని వాళ్ళు చెబితే అంతే" అని ఉంది. నేను ఉగ్గాణి తింటున్నప్పుడు చెప్పిన పాఠం అదే.

"ఇంత చక్కటి లెక్క నీ పుస్తకంలో ఎవరూ రాయలేరు" అని డాక్టరమ్మ ఆ ఎర్ర దారాలు చూపించింది. నొప్పి వచ్చేదాకా నేయడం కాదు, దారం పడే చోటుకు బెత్తెడు ముందే లేచి, వాకిట్లో నాలుగడుగులు వేసి, మళ్ళీ కూర్చోవాలి. 'ఇంక నా పని అయిపోయింది' అన్న ఆలోచన వస్తే 'లేచి తిరిగితే తగ్గుతుంది, నిన్న తగ్గింది కదా' అనుకోవాలి. పద్ధతి అదే, పాడు చేసింది నేను. మామ మొదటి రోజే మూరల్లో చెప్పాడు, నేనేమో మార్కులు అడిగాను.

ఆ ఏడు మామ నడవలేదు. వీధిలోవాళ్ళు మంత్రాలయానికి బయలుదేరుతుంటే అరుగు మీద కూర్చుని, మలుపు తిరిగేదాకా చూశాడు. నేను లోపలే ఉండిపోయాను. బయటికొచ్చే మొహం నాకు లేదు.

ఏడాదిపాటు బెత్తెడు ముందే లేచాడు. నొప్పి పోలేదు గానీ దాని పెత్తనం పోయింది. మరుసటేడు నడుస్తానన్నాడు. తోడుగా నేనూ బయలుదేరాను. సగం దారి నడక, సగం బస్సు అని ఒప్పందం. రెండు కోసులు పోయేసరికి ఆయన బాగానే ఉన్నాడు, నాకు పిక్కలు పట్టేశాయి. కుంటుతుంటే చూసి ఆగాడు.

"పదికి ఎంతప్పా?"

బేరానికి సిద్ధపడే, "తొమ్మిది మామా" అన్నాను.

"తొమ్మిదా? సరే, కూచో" అని తువ్వాలు పరిచి, నా కాలు ఒళ్ళోకి తీసుకున్నాడు. రుజువు అడగలేదు.

ఆ ఎర్ర దారాల మూడో చీర నాగమణి దగ్గరే ఉంది. నేను శాస్త్రం మాట్లాడడం మొదలుపెట్టిన రోజున అది కట్టుకుని ఎదురుగా తిరుగుతుంది. అందుకని, ఆ చీర అంచు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఎవరైనా నొస్తోందంటే ఎంతని అడుగుతాను, ఎంతంటే అంతే రాసుకుంటాను. కర్నూలు బస్టాండు ఉగ్గాణి జోలికి, మొదటి క్లాసు అయ్యేదాకా, ఈ జన్మలో పోను.