నిప్పుకన్ను అసలు రంగు

ఆయన అసలు పేరుతో మా వీధిలో ఎవరికీ పనిపడలేదు. అందరికీ ఆయన భూతద్దం. కళ్లద్దాల షాపు ఆయనది. అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం ముప్పై ఏళ్లుగా ఆయన పని. ఆ పేరు రావడానికి వృత్తి సగం కారణం, బుద్ధి మిగతా సగం. ఎవరైనా కొత్త నోటు ఇస్తే కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురులో చూసి గానీ గల్లాపెట్టెలో వేసేవాడు కాదు. పెళ్లయిన కొత్తలో మామగారు ముచ్చటపడి చేతి గడియారం కొనిస్తే, పైన రాసిన కంపెనీదే లోపలి మిషను కూడానా అని ఆ సాయంత్రమే విప్పి చూశాడట. కంపెనీదే. కాకపోతే మళ్లీ బిగించాక అది నడవలేదు. ఈ సంగతి షాపు కౌంటరు వెనక కూర్చునే ఆయన భార్య నవ్వకుండా చెప్పేది. వినేవాళ్లే నవ్వేవారు.

యాభై దాటాక ఆయనకు కోరల్స్ పిచ్చి పట్టుకుంది. చేపల షాపు యజమాని ఒకాయన, తనకు చేసిన కళ్లద్దాలు బాగా కుదిరాయన్న సంతోషంలో ఒక చిన్న గాజుతొట్టి తెచ్చి ఇచ్చాడు. అందులో ఉప్పునీళ్లు, అడుగున ఒక రాతిముక్క, దాని మీద ఆకుపచ్చ గుండీల్లాంటివి నాలుగు. పగడాల జాతివనీ, ప్రాణమున్నవేననీ ఇచ్చినాయన చెప్పాడు. భూతద్దం నమ్మలేదు. ప్లాస్టిక్కేమోనని పుల్లతో తాకి చూశాడు. గుండీ చటుక్కున ముడుచుకుంది. పది నిమిషాలకు మెల్లగా విచ్చుకుంది. ఆ పది నిమిషాలూ ఆయన స్టూలు మీంచి లేవలేదు. ఏడాది తిరిగేసరికి షాపు వెనక గదిలో లెన్సుల పెట్టెలు అటకెక్కాయి, వాటి చోటికి మూడు ట్యాంకులు వచ్చాయి.

అలా పెంచేవాళ్లం ఊళ్లో అరవై మందిమి ఉండేవాళ్లం. నాకున్నది ఒక్కటే ట్యాంకు. మా అందరికీ ఒక ఫోన్ గ్రూపు, అందులో ఆదివారం పొద్దున్నే వేలం. ఒక ఏడు అందరికీ ఊదారంగు కొమ్మలు కావాలి. మరుసటేడు వాటిని ఊరికే ఇస్తామన్నా పుచ్చుకునేవాడు ఉండడు, నీలం చుక్కలు కావాలి. అమ్మేవాళ్లకు మాత్రం పేర్ల కరువు లేదు. నిన్నటి ఊదా కొమ్మే ఇవాళ ‘రాణిగారి ఉంగరం’ అయి మూడింతల ధర పలికేది. భూతద్దం ఏదీ కొనేవాడు కాదు. ప్రతి ఫోటో కింద ఒకే ప్రశ్న పెట్టేవాడు: తెల్ల లైటు కింద ఫోటో ఉందా? ఎందుకంటే నీలం లైటు వేస్తే నాచు కూడా నవరత్నంలా మెరుస్తుంది.

అలాంటి రోజుల్లో నిప్పుకన్ను వచ్చింది. నడుమ ఊదా చుక్క, చుట్టూ నారింజ వలయం, కాలుతున్న బొగ్గులా ఉండేది. అమ్మేవాడు గ్రూపుకి కొత్త. నెమ్మదిగా, గౌరవంగా మాట్లాడేవాడు కాబట్టి మెత్తనాయన అనేవాళ్లం. మొదటి గుండీ ఒక జత చెప్పుల ధరకు పోయింది. నెల తిరక్కుండా గోరంత గుండీకి ఫ్రిజ్ ధర పెట్టారు. భూతద్దం ఊరుకోలేదు. రంగు వేసిందేమో అన్నాడు. వేలంలో ప్రతిసారీ చివరిదాకా పాడి వదిలేసే ఆ ఇద్దరూ ఎవరన్నాడు. గ్రూపులో సగం మంది విసుక్కున్నారు, సగం మంది ఆగిపోయారు. ఆ వారం వేలంలో ఒక్కటే అమ్ముడైంది.

మెత్తనాయన కోపం తెచ్చుకోలేదు. అయ్యగారికే ఒకటి పంపుతాననీ, ఎలా కావాలంటే అలా పరీక్షించుకోమనీ అందరి ముందే రాశాడు. ఊరికే వద్దని భూతద్దం మొదటి గుండీ ధర పంపించి మరీ తీసుకున్నాడు. మూడు వారాలు దాన్ని విడిగా పెట్టాడు. తెల్ల లైటు కింద చూశాడు, దూదితో తుడిచాడు, లెన్సులు చూసే పరికరం కింద పెట్టి అంచులు పరిశీలించాడు. నాలుగో వారం పక్కన చిన్న మొగ్గ పుట్టింది. దానికీ అదే నారింజ వలయం. పుట్టుకతో వచ్చిన రంగును మించిన సాక్ష్యం ఏముంటుంది? ఆయన గ్రూపులో రాశాడు: ‘రంగు నిజమే. నా అనుమానం తప్పు.’

ఆ మాట ఇంకెవరైనా అని ఉంటే మాకు పట్టేది కాదు. అన్నది భూతద్దం. ఆ ఆదివారం ధర రెట్టింపైంది, ఉన్న పదకొండు గుండీలూ అమ్ముడుపోయాయి.

ఇంట్లో మాత్రం ఆయన భార్య ఒక మాట అంది.

“అరవై మంది ఉంటే, ఎంచి మరీ మీకే ఎందుకు పంపాడంటారు?”

“అడిగింది నేను కాబట్టి.”

“అదే నేనూ అంటున్నాను,” అని ఆమె కళ్లద్దాలు తుడిచే గుడ్డ మడత పెట్టుకుంది. ఆయన ఆ మాట పట్టించుకోలేదు.

ఆరు వారాల తర్వాత బస్సు కండక్టరు ఒకావిడ, డ్యూటీ యూనిఫాంలోనే, మూతపెట్టిన గాజుసీసా పట్టుకుని షాపుకి వచ్చింది. వాషింగ్ మెషీను కొనుక్కుందామని దాచుకున్న డబ్బుతో నిప్పుకన్ను కొనుక్కుంది. సీసాలో పాలిపోయిన గుండీ ఒకటి ఉంది.

“నా నీళ్లలోనే ఏదో తప్పుంది కదా అన్నయ్యా? మీరు చూసి చెప్పారు కాబట్టి జాతి మంచిదే. నేనే పెంచలేకపోయాను.”

వాటి జిగురులో విషం ఉంటుంది కాబట్టి ఆయన చేతి తొడుగులు వేసుకుని దాన్ని బయటికి తీశాడు. మడతల్లో ఇంకా కాస్త నారింజ మిగిలి ఉంది. తడి దూదితో అద్దాడు. దూదికి రంగు అంటింది. మళ్లీ అద్దాడు, మళ్లీ అంటింది. లోపలి గదిలో తన నిప్పుకన్ను మూడు మొగ్గలతో నిగనిగలాడుతోంది. తనకు వచ్చింది మాత్రమే నిజమైనదని, మిగతావి అమ్మడానికే దాన్ని తన దగ్గరికి పంపారని ఆయనకు అప్పుడు అర్థమైంది.

“నీ నీళ్లు బాగానే ఉన్నాయమ్మా,” అన్నాడు. “తప్పు నాది.”

మర్నాడే వెతుక్కుంటూ మెత్తనాయన గదికి వెళ్లాడు. మేడ మీద శుభ్రమైన గది, వరసగా ట్యాంకులు. మెత్తనాయన కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, అంతా ఓపికగా విన్నాడు.

“రంగు నిజమని నేనెక్కడా రాయలేదండీ,” అన్నాడు. “రాసింది మీరు. మీకు పంపింది నిజమైనదే కదా.”

ఆ మెట్లు దిగుతూ ఏమనుకున్నాడో భూతద్దం తర్వాత నాతో చెప్పాడు. నోరు మూసుకుంటే పోతుందని అనిపించిందట. కండక్టరమ్మ తప్ప ఎవరూ అడగలేదు, మిగతావాళ్లు తమ నీళ్లనే తిట్టుకుంటూ ఉంటారు. రెండు రోజులు షాపు తెరవలేదు. మూడో రోజు జరిగినదంతా ఉన్నదున్నట్టు గ్రూపులో రాసి, తన మాట నమ్మి కొన్నవాళ్లందరూ తమవి తీసుకుని ఆదివారం షాపుకి రమ్మన్నాడు.

తొమ్మిది మంది వచ్చారు. వరసగా తొమ్మిది దూదిముక్కలు కౌంటరు మీద పెట్టాడు. అన్నీ నారింజే. అప్పుడు వాళ్లలో ఒకాయన, కరెంటు పని చేసే మనిషి, మెల్లగా అడిగాడు.

“ఇందులో మీ వాటా ఎంత?”

ఎవరూ ఆయన్ను వారించలేదు. నేనూ వారించలేదు, ఎందుకంటే అదే ప్రశ్న నా మనసులోనూ ఉంది. జీవితమంతా ఇతరులను అనుమానించిన మనిషికి ఎదుటివాళ్ల చూపు ఎలా ఉంటుందో అప్పుడు తెలిసినట్టుంది. భార్య వైపు చూశాడు. ఆమె లేచి లోపలి గది తలుపు తీసింది.

“మా దగ్గరున్నది ఒకటే. అది పెరిగాక తలా ఒకటి ఇస్తాం. అప్పటిదాకా ఎప్పుడొచ్చి చూసుకున్నా తలుపు తీసే ఉంటుంది,” అంది.

నిజంగానే వచ్చి చూసుకున్నారు. కరెంటాయన వారం వారం వచ్చి మొగ్గలు లెక్కపెట్టి, ఫోటో తీసుకుని వెళ్లేవాడు. భూతద్దం స్టూలు ఖాళీ చేసి ఇచ్చేవాడు. ఏడు నెలలకు పదమూడు గుండీలయ్యాయి. కళ్లకు రక్షణ అద్దాలు పెట్టుకుని, తొడుగులు వేసుకుని, రాతిముక్కతో సహా ఒక్కొక్కటీ కోసి తొమ్మిది మందికీ ఇచ్చాడు. షాపుకి రాని మిగతా ఇద్దరి ఇళ్లకూ తనే తీసుకెళ్లాడు. ఒకరు తీసుకున్నారు. రెండో ఆయన తలుపు తీయలేదు, ఇప్పటికీ బజారులో ఎదురుపడితే రోడ్డు దాటి వెళ్లిపోతాడు.

పది ట్యాంకుల్లో పెరిగేసరికి నిప్పుకన్ను ఇరవై ట్యాంకులకు చేరింది, దాంతో దాని ధర మళ్లీ చెప్పుల దగ్గరికి దిగింది. మెత్తనాయన అప్పటికే గ్రూపు వదిలి, గది ఖాళీ చేసి వెళ్లిపోయాడు. ఈమధ్య వేరే గ్రూపులో ఎవరో ‘వెన్నెల ముద్ద’ అని ఒకటి అమ్ముతున్నారు, మాట చాలా మెత్తగా ఉంటుందట. అది మంచిదేనా అని భూతద్దాన్ని అడిగితే జవాబు చెప్పడు. తెల్ల లైటు, కాస్త దూది చేతికిచ్చి, ఎలా చూసుకోవాలో నేర్పి పంపుతాడు.

కండక్టరమ్మ పాత గుండీని కూడా పారేయలేదు. రంగంతా పోయి కొన్నాళ్లు తెల్లగా ఉండి, చివరికి వెలిసిన ఆకుపచ్చ రంగుకి తిరిగింది. చూసినవాళ్లెవరూ దాన్ని రెండోసారి చూడరు. ఆమె మాత్రం దానికి ఏడు మొగ్గలు పుట్టాయని, ఒకటి కావాలా అని నన్ను అడిగింది. తీసుకున్నాను.