అక్క గది

కొత్త సున్నం వాసన తగిలితే, అక్క మీద నేను కుళ్ళుకున్న రోజులే గుర్తొస్తాయి.

కోలార్ బంగారు గని మూతపడ్డాక, కేజీఎఫ్‌లో దొరల కాలంనాటి మా ఇల్లు బాగుచెయ్యాలని నాన్న ఖర్చుల పట్టీ రాశాడు. డబ్బు చాలక కొత్త పెంకుల లెక్క కొట్టేశాడు, తర్వాత కిటికీలది. వరండాలో అక్కకు కట్టే గది మాత్రం అలాగే ఉంచాడు.

"అక్కకే రూమెందుకప్పా? నాకు యాడుండాది?" అని ఏడ్చాను.

"నువ్వు చదువుకోమ్మా," అన్నాడు, నా మొహం చూడకుండా.

గది తయారైన రోజు, కచ్చకొద్దీ తడి గోడను గోళ్ళతో గీకేశాను.

అక్క తన కాలేజీ పుస్తకాలు అటకెక్కించి, ఆ గోడ దగ్గరే కుట్టుమిషన్ వేసుకుంది. నా ఫీజుల కోసం పదేళ్ళు ఆ గీతలకు ఎదురుగా కూర్చునే కుట్టింది.