ప్రాసెసర్ దొంగ

నవనీత ప్రాసెసర్ దొంగిలించిందట! నకిరేకల్‌లో అయిదేళ్లుగా కంప్యూటర్లు బాగుచేసి బతుకుతున్న మనిషి, కేతేపల్లి సురేశ్ కంప్యూటర్‌లోంచి కొత్త ప్రాసెసర్ పీకేసి, దాని జాగాలో పాతది పెట్టి పంపిందట. ఈ మాట ఎవరో చాటుగా గుసగుసలాడింది కాదు. చుట్టుపక్కల ఫొటోగ్రాఫర్లంతా ఉన్న వాట్సాప్ గ్రూపులో సురేశ్ తన సొంత గొంతుతో పెట్టాడు.

"అన్నలూ, జర పైలం. నవనీతక్క దుకాణంల మిషన్ ఇడిస్తే లోపలి సామాను మారుతాంది. నాది మారింది."

ఆ గ్రూపులో నవనీత లేదు. గాలయ్య అనే పాత గిరాకీ మనసొప్పక ఆమెకు పంపాడు. ఆమె దుకాణంలో నిలబడే విన్నది. ఒళ్లు భగ్గుమంది.

నవనీత నేత ఇంటి పిల్ల. తండ్రి మల్లేశం ఇప్పటికీ చీరల నూలుకు చిటికి కడతాడు. రంగులో ముంచే ముందు, రంగు ఎక్కకూడని చోట నూలును బిగించి ముడులు వేసే పని అది. ఏ పోగు దగ్గర ఏ ముడి పడాలో ముందే గళ్ల కాగితం మీద రాసి ఉండాలి. రాయకుండా నూలు మీద చెయ్యి వేస్తే మల్లేశం ఊరుకోడు. ఆ అలవాటే కూతురికీ వచ్చింది. నల్లగొండలో హార్డ్‌వేర్ కోర్సు చేసి, తెలంగాణ రాష్ట్రం వచ్చిన ఏడాది బస్టాండు దగ్గర కిరాయి గదిలో దుకాణం తెరిచింది. ఈ అయిదేళ్లలో ఆమె రాసుకోకుండా విప్పిన కంప్యూటర్ ఒక్కటీ లేదు. లోపలి మదర్‌బోర్డు పేరు, ప్రాసెసర్ మీద చెక్కిన నంబరు, తాను మార్చిన ప్రతి సెట్టింగు పుస్తకంలోకి ఎక్కాల్సిందే. అట్లాంటి మనిషిని దొంగ అనడానికి ఆ పిలగాడికి నోరెట్లా వచ్చిందో!

అసలు జరిగింది వింటే ఎవరికైనా మండుతుంది. సురేశ్ పెళ్లి వీడియోలు తీసి, కూర్చి ఇస్తాడు. ఆ పనికని పట్నంలో ఒక పెద్ద దుకాణంలో కంప్యూటర్ కొన్నాడు. దాని ప్రాసెసర్ మామూలు వేగం మూడు పాయింట్ ఆరు గిగాహెర్ట్జ్. అమ్మినవాడు సెట్టింగుల్లోకి పోయి దాన్ని నాలుగు పాయింట్ ఎనిమిదికి ఎక్కించి, అది పుట్టుకతోనే అంత వేగమన్నట్టు అంటగట్టాడు. ఓవర్‌క్లాకింగ్ అంటారు దాన్ని. మంచి బోర్డు, మంచి కరెంటు ఉన్నవాళ్లు తెలిసి చేసుకుంటే తప్పేమీ లేదు. చెప్పకుండా చేసి అమ్మితే మాత్రం అది మోసమే. వేగం పెంచాలంటే ప్రాసెసర్‌కు వోల్టేజీ కూడా పెంచాలి, పెంచాడు. వేసిందేమో చవక బోర్డు, అందులో కరెంటు అందించే ముక్కల మీద వేడి లాగే రేకైనా లేదు. కరెంటు ఇచ్చే ఎస్‌ఎంపీఎస్ డబ్బా అంతకన్నా చవకది.

ఆర్నెల్లకే కంప్యూటర్ మొరాయించింది. బటన్ నొక్కితే ఫ్యాన్లు గిర్రున తిరుగుతాయి, ఆగుతాయి, మళ్లీ తిరుగుతాయి, మళ్లీ ఆగుతాయి. తెర నల్లగానే ఉంటుంది. సురేశ్ దాన్ని నవనీత దుకాణానికి తెచ్చాడు. నాలుగోసారికో అయిదోసారికో అది లేచినప్పుడు ఆమె సెట్టింగుల పేజీ తెరిచి చూసింది, బండారమంతా బయటపడింది. ఉన్నవి ఉన్నట్టు రాసుకుంది. బోర్డు మీది నాణెమంత బ్యాటరీ తీసి, కాసేపాగి మళ్లీ పెట్టింది. దాంతో సెట్టింగులన్నీ చెరిగి, వేగం కంపెనీ పెట్టినంతకు దిగింది. నాలుగు రోజులు దుకాణంలో నడిపించి చూసి మరీ అప్పగించింది.

"సురేశ్, నీ ప్రాసెసర్‌ను తాకతుకు మించి ఉరికిచ్చిండ్రు. నేను తగ్గించిన. ఇగ గంత స్పీడు కనవడది, ఫికర్ చెయ్యకు," అని చెప్పింది.

సురేశ్ ఫోన్ చూసుకుంటూ తలూపాడు. ఒక్క ముక్క చెవికెక్కలేదు.

ఇంటికి పోయి చూసుకుంటే తెర మీద మూడు పాయింట్ ఆరు! వెంటనే అమ్మినవాడికి ఫోన్ కొట్టాడు. ఆ ఘనుడు ఏమన్నాడు? "మేమిచ్చింది నాలుగు ఎనిమిది. తక్కువ చూపిస్తుందంటే ఇప్పినోళ్లు మార్చిండ్రన్నట్టే." తన మోసం కప్పిపుచ్చుకోవడానికి, ముఖమైనా చూడని మనిషి మీద దొంగతనం మోపి చేతులు దులుపుకున్నాడు. వాడంటే మోసగాడు. సురేశ్‌కేమైంది? నవనీతకు ఒక్క ఫోన్ చేసి అడగొచ్చు కదా! అడగలేదు. తిన్నగా గ్రూపులోకి పోయి అరిచాడు.

మూడు వారాల్లో స్టూడియోల వాళ్లు సగం మంది రిపేర్లకు సూర్యాపేట దారి పట్టారు.

"నోళ్లు మూయిస్తమా బిడ్డా, పోనీ," అన్నాడు మల్లేశం.

"పోనియ్యనీకి నేనేం తప్పు చేసిన బాపూ?" అని నవనీత లేచింది. మల్టీమీటరు, స్క్రూడ్రైవర్లు, పుస్తకం సంచిలో వేసుకొని ఆదివారం పొద్దున్నే కేతేపల్లి బస్సెక్కింది.

సురేశ్ ఇల్లు ఊరి బయట పొలాల నడుమ ఉంది. యాసంగి నాట్లు అప్పుడే ముగిశాయి. సురేశ్ తల్లి నర్సింగమ్మ ఎదురొచ్చి "రా బిడ్డా, కూసో," అంది. కొడుకు చేసిన ఘనకార్యం పాపం ఆమెకు తెలియదు. సురేశ్ మాత్రం నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. కంప్యూటర్ మళ్లీ పడకేసింది. ఫోన్‌లో ఏదో వీడియో చూసి వేగాన్ని తానే మళ్లీ నాలుగు ఎనిమిదికి ఎక్కించాడట.

"నేను పాతది పెట్టిన గదా? మరి గది నాలుగు ఎనిమిదికి ఎట్ల ఎక్కింది?"

సురేశ్ వంగి కంప్యూటర్ తీగలు పీకాడు.

"ప్రాసెసర్ వచ్చిన అట్ట డబ్బా ఉన్నదా? తే."

డబ్బా వచ్చింది. నవనీత ఫ్యాన్ విప్పి, ప్రాసెసర్ మీద ఎండిపోయిన పేస్టును గుడ్డతో తుడిచి, టార్చి వేసి పట్టుకుంది. "సదువు," అంది. ఆ చిన్న రేకు మీద చెక్కిన నంబరును సురేశ్ ఒక్కొక్క అక్షరమే చదివాడు. డబ్బా మీదా అదే, నవనీత పుస్తకంలోనూ అదే. చదవడం అయ్యేసరికి అతని గొంతు సగానికి పడిపోయింది.

ఆమె కొత్త పేస్టు పూసి, ఫ్యాన్ బిగించి, ప్లగ్గు పెట్టేసరికి కరెంటు పోయింది. పావుగంటకు వచ్చింది. రావడంతోనే చుట్టూ పొలాల్లో మోటార్లన్నీ ఒక్కసారిగా హోరుమన్నాయి. ఇంట్లో వెలిగే బల్బు మసకబారి ఎర్రబడింది. ఎవరూ బటన్ నొక్కకుండానే కంప్యూటర్ లేచింది, ఆగింది, మళ్లీ లేచింది, మళ్లీ ఆగింది. నవనీత ప్లగ్గులో మల్టీమీటరు పెట్టి చూసింది. రెండు వందల ముప్పై ఉండాల్సిన చోట నూట అరవై ఎనిమిది ఉంది.

"దినాం గింతే బిడ్డా," అంది నర్సింగమ్మ. "అందరి మోటర్లకు ఆటోస్టార్టర్లే. కరెంటు రాంగనే అన్ని ఒక్కపారే లేస్తయి, బుగ్గ గిట్ల ఎర్రగైతది."

"మోటర్లకంటే ఆటోస్టార్టర్లు. గీ కంప్యూటర్‌ను ఎవరు లేపిండ్రు?"

సురేశ్ గొణిగాడు. "నేనే. కరెంటు రాంగనే దానంతటదే లేవాలని సెట్టింగు పెట్టిన. నేను మడికాడున్నా, మోటర్ లెక్క ఇది గుడ లేస్తదని."

"యూపీఎస్ ఏది?"

"బ్యాటరీ ఖరాబైంది. డైరెక్టుగ ఇచ్చిన."

నవనీతకు ఇక ఆగలేదు. "తాకతుకు మించి ఉరికిచ్చే ప్రాసెసర్‌కు కరెంటు ఎక్కువ గావాలె. నువ్వేమో ఊరి మోటర్లన్ని గుంజే టైమ్‌కే దాన్ని లేపుతున్నవు! ఎట్ల లేస్తది? నా దుకాణంల స్పీడు తగ్గించిన, కరెంటు మంచిగున్నది, లేచింది. ఈడ లేవలేదు. నీ ఇంట్ల కరెంటు ఎంతున్నదో ఒక్కనాడు సూడలే, నన్ను దొంగంటివి!"

నర్సింగమ్మ ఉలిక్కిపడింది. "దొంగనా? ఎవర్రా అన్నది?"

నవనీత సురేశ్‌ను చూపించి పనిలో పడింది. ఒక్కసారికి ఒక్కటే మార్చి, రాసుకొని, నడిపి చూసింది. మొదట వేగాన్ని మూడు పాయింట్ ఆరుకు దించింది. తర్వాత చేత్తో పెంచిన వోల్టేజీని బోర్డుకే వదిలేసింది. ఆఖరున, కరెంటు వచ్చినా మనిషి నొక్కేదాకా లేవకుండా ఆ సెట్టింగును మార్చింది. మోటార్లు కుదుటపడ్డాక మీటరు రెండు వందల పది చూపింది. అప్పుడు నొక్కితే కంప్యూటర్ ఒక్క దెబ్బకు లేచింది. అయిదుసార్లు ఆపి లేపినా అయిదుసార్లూ లేచింది.

"తప్పైంది అక్కా," అన్నాడు సురేశ్. "గీ పనికి రెండింతలిస్త."

"పైసలడిగిన్నా నిన్ను? నన్ను దొంగ అన్నకాడనే, కాదని చెప్పు."

"గ్రూపులనా? నా ఇజ్జత్ పోతది అక్కా."

"ఇజ్జత్ నీ ఒక్కనికే ఉన్నదా?"

"అననీకి లేసిన నోరు గిప్పుడెందుకు లేస్తలేదురా!" అని నర్సింగమ్మ కసిరింది.

సురేశ్ ఫోన్ తీసి నోటి దగ్గర పెట్టుకున్నాడు. "అన్నలూ, నా కంప్యూటర్ మంచిగైంది. ఏదో సెట్టింగు సమస్య ఉండె..."

"సెట్టింగు ముచ్చట ఎవలడిగిండ్రు? మళ్ల చెప్పు."

రెండోసారి చెప్పాడు. "నవనీతక్క ఏం మార్చలే. అమ్మినోని మాట పట్టుకొని నేనే తప్పు మాట్లాడిన. ఆమె దొంగ గాదు." పంపాడు.

నిమిషంలో బొటనవేళ్ల బొమ్మలు వరసగా వచ్చిపడ్డాయి. వెనకాలే ఒక గొంతు. నకిరేకల్ స్టూడియో కృష్ణకాంత్‌ది. "పోనీతియ్యి సురేశూ, మిషన్ మంచిగైంది గదా! ఏదో నోరు జారినవు. గంతదానికి ఆమెకు అయిన నష్టమేమున్నది?"

నవనీత చెయ్యి చాపి సురేశ్ ఫోన్ తీసుకుంది. మైకు గుర్తు మీద వేలు నొక్కి పట్టింది.

"నేను నవనీతను మాట్లాడుతున్న అన్నా. మొన్న సోమారం నీ ప్రింటర్ తీసుకపోనీకొచ్చి, నా ముంగటనే మూత ఇప్పి, లోపల సామాను ఉన్నదా లేదా అని ఒక్కొక్కటి ముట్టి సూసుకున్నవు. నాకైన నష్టం గదే."