బిల్లు పొద్దుగాల కడదాం

మా బాపు డిగ్రీ కాలేజీలో ఇంగ్లిష్ పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. నేవన్ అనే ఐరిష్ ఊళ్లో మా ఇంట్లో కొన్నాళ్లుండి పోదామని వచ్చి, కరోనాతో విమానాలు ఆగిపోయి ఇక్కడే చిక్కుబడ్డాడు. ఆయనకు ఒకటే కోరిక. లాంగ్‌ఫర్డ్ దగ్గర ఒక ఊళ్లో ఉన్న పాత బంగళా చూడాలి. ఏళ్ల తరబడి తను పాఠం చెప్పిన ఇంగ్లిష్ హాస్యనాటకానికి బీజం పడింది అక్కడేనట.

ఆ కథ నాకు చిన్నప్పటి నుంచీ కంఠతా. పాడిందే పాడరా పాచిపళ్ల దాసరీ అన్నట్టు, కంచం ముందు కూర్చుంటే చాలు మొదలుపెట్టేవాడు. గుర్రమెక్కి ప్రయాణం చేస్తున్న ఒక కుర్రాడు పొద్దుగూకాక, ఇక్కడ మంచి సత్రం ఎక్కడని అడిగాడట. ఎవడో కొంటెవాడు ఊరి దొర బంగళా చూపించాడు. కుర్రాడు తిన్నగా లోపలికెళ్లి భోజనం పురమాయించాడు. దొరనే సత్రం యజమాని అనుకుని, పక్కన కూర్చోబెట్టుకుని వైను పోయించాడు. దొరకు సంగతి అర్థమైంది, అయినా నోరు మెదపలేదు. తెల్లారి బిల్లు అడిగాక గానీ అది సత్రం కాదని కుర్రాడికి తెలియలేదు. పెద్దయ్యాక ఆ కుర్రాడే దాన్ని నాటకంగా రాస్తే, లండన్‌లో థియేటరు నడిపే ఆయన నెలల తరబడి తిప్పించుకున్నాడు. పేరున్న నటులు వేషాలు వద్దన్నారు. మొదటి ఆట నాడు రచయిత భయపడి పార్కులో తిరుగుతూ ఉండిపోయాడట. జనం మాత్రం పొట్టలు చెక్కలయ్యేలా నవ్వారు.

"నాటకం సంగతి అటుంచు బిడ్డా, ఆ దొర గొప్పోడు. పిలగాని మొఖం సిన్నబోవద్దని రాత్రంత వేషమేసిండు" అనేవాడు బాపు.

ఇంటికి ఐదు కిలోమీటర్లు దాటొద్దన్న రోజులవి. పోలీసులు ఆపితే డాక్టరు దగ్గరికని చెబుదాం, పద అన్నాను. "అబద్ధమాడి సూసుడేంది? తొవ్వలు తెరిసినంక పోదాం" అని కసిరాడు. తొవ్వలు తెరవకముందే ఆయనకు దగ్గు పట్టుకుంది. అంబులెన్స్‌లో ఒక్కడే వెళ్లాడు. నన్ను రానివ్వలేదు.

ఒక సాయంత్రం ఆసుపత్రి నుంచి నర్సు వీడియో కాల్ కలిపింది. బాపు ఆక్సిజన్ మాస్కు కాస్త పక్కకు జరిపాడు.

"హోటల్ మంచిగనే ఉన్నది బిడ్డా. గానీ పనోళ్లందరు మొఖాలు దాసుకుంటున్నరు. కూరల ఉప్పు లేదు. బిల్లు తెమ్మను, పోదాం."

మతి తప్పిందనుకున్నాను. అప్పుడు ఆ దొర గుర్తొచ్చాడు.

"ఉప్పు సంగతి నేనడుగుత బాపూ. బిల్లు పొద్దుగాల కడదాం. ఇయ్యాల పండుకో" అని నవ్వాను. ఆయనా నవ్వి చెయ్యి ఊపాడు. పోనీలే, ఎక్కడున్నాడో తెలియదు గనక భయం కూడా తెలియదు అనుకుని నిద్రపోయాను. తెల్లారేసరికి బాపు లేడు.

బట్టల సంచీ ఇవ్వడానికి బయటికొచ్చిన ఆ నర్సు దగ్గర, చివరికి తనెక్కడున్నాడో కూడా తెలియకుండా పోయాడని ఏడ్చాను. ఆమె తెల్లబోయింది. కాల్‌కు ముందే ఆయనకు డాక్టరు అంతా చెప్పారంది. ఈ రాత్రి గడవడం కష్టమా అని ఆయనే సూటిగా అడిగాడట. మా బిడ్డకు ఇప్పుడే చెప్పకండి, ముందు నేను మాట్లాడతాను అన్నాడట.

తొవ్వలు తెరిచాక లాంగ్‌ఫర్డ్ వైపు వెళ్లాను. బంగళా గేటు ముందు కారాపుకుని చాలాసేపు ఏడ్చాను. దిగి చూడబుద్ధి కాలేదు. ఆ సాయంత్రం దొర వేషం నాదే అనుకున్నాను. అది బాపుది. ఆ రాత్రి నేను నిద్రపోవాలని వేశాడు.