నువ్వు అన్నందుకు

తెలంగాణ ఏర్పడిన మరుసటి ఏడు, వేసవి చివర, నన్ను సూర్యాపేట నుంచి కోదాడకు బదిలీ చేశారు. మాది మిషన్ వాళ్లు నడిపే ఆసుపత్రి. కోదాడలో నా హోదా మగవాళ్ల వార్డుకు ఇన్‌చార్జి సిస్టర్. డ్యూటీలు వేయడం, మందుల అల్మారా తాళాలు చూసుకోవడం నా పని. కొత్త నర్సుల ప్రొబేషన్ ముగిసేటప్పుడు వాళ్ల మీద అభిప్రాయం రాసేదీ నేనే. ఆ అభిప్రాయం బాగా లేకపోతే నర్సింగ్ సూపరింటెండెంట్ ఉద్యోగం ఖాయం చేయరు.

కోదాడ నా సొంత ఊరు, ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఉన్నా తెలంగాణలోదే. అయినా సూర్యాపేటలో ఉన్నన్నాళ్లు, నేను "అండి" అంటానని తోటి నర్సులు నన్ను "ఆంధ్రామె" అన్నారు. అక్కడి డాక్టరు ఒకాయన రోగుల ముందు నన్ను "ఏమే" అని పిలిచాడు. రెండిటి మీదా ఫిర్యాదు రాశాను. రెండిటికీ జవాబు రాలేదు. ఆ సంగతి నేను మర్చిపోలేదు.

కోదాడలో చేరిన రోజే రూతు అనే కొత్త స్టాఫ్ నర్సు ఎదురొచ్చింది. నిడమనూరు పిల్ల, మిర్యాలగూడలో నర్సింగ్ చదివింది. నన్ను చూసి, "నువ్వేనా సిస్టర్ కొత్త ఇన్‌చార్జి? తిన్నవా?" అంది. నా వయసులో సగం కూడా లేదు. పొగరుబోతు అని అక్కడికక్కడే తేల్చేసుకున్నాను.

ఆ తర్వాత ఆమె చేసే ప్రతి పనిలో నాకు అదే కనిపించింది. మందు ఇచ్చేముందు రోగి పేరును అతని నోటితోనే చెప్పించాలన్నది మా నియమం. రూతు "నీ పేరేంది తాతా, జెప్పు" అని అడిగేది. నియమం పాటించిందని నేను చూడలేదు. పెద్దాయన్ను నువ్వు అన్నదని చూశాను. కోపం వచ్చినవాళ్లతో నేను మరింత మర్యాదగా మాట్లాడతాను. "రూతు గారూ, ఆ సెలైన్ చూడండి" అనేదాన్ని. ఆమె బిత్తరపోయి చూసేది. అదీ నటనే అనుకున్నాను.

ప్రొబేషన్ ముగిసే వారం సూపరింటెండెంట్ మేడం నన్ను పిలిచారు. ఈ అమ్మాయికి పెద్దాచిన్నా తెలియదు, సిఫారసు చేయనని చెప్పాను. లోపం పనిలోనా, మాటలోనా అని అడిగారావిడ. రెండూ ఒకటేనన్నాను. రూతు తండ్రి మిర్యాలగూడ రైస్ మిల్లులో హమాలీ అని, నడుము దెబ్బతిని ఇంట్లో ఉన్నాడని, ఆ కుటుంబానికి ఈ ఉద్యోగమే ఆధారమని చెప్పి, ఆలోచించి రాయమన్నారు. ఆలోచించడానికేమీ లేదనుకున్నాను.

ఉదయం డ్యూటీ మారేటప్పుడు రాత్రి నర్సు ఒక్కో మంచం దగ్గర నిలబడి, రోగి పరిస్థితిని వచ్చినవాళ్లకు అప్పజెబుతుంది. దాన్ని హ్యాండోవర్ అంటాం. అంతకుముందు అందరం కలిసి ప్రార్థన చేయడం మా ఆసుపత్రిలో ఆనవాయితీ. రాత్రి పనిచేసినవాళ్లే ప్రార్థన చెప్పాలి. మర్నాడు ఆ వంతు రూతుది.

"దేవా, నీకు వందనాలు. రాత్రంత నువ్వు మా తాననే ఉన్నవ్. మూలకున్న తాతకు ఊపిరాడ్తలేదు, నువ్వు జర సూడు. డాక్టర్ వచ్చేదాంక నువ్వే ఆయన పక్కన కూసో. మా సిస్టర్ నాతోని మంచిగ మాట్లాడ్తలేదు. నేనేం తప్పు జేసిన్నో నాకు ఎర్క లేదు. ఆమెకు జెప్పబుద్ధయితలేదేమో, నువ్వన్న జెప్పు."

ఇద్దరు నర్సులు కళ్లు తెరిచి నా వైపు చూశారు. అందరి ముందు నా మీద దేవుడికే ఫిర్యాదు చేసిందని మండింది. ఆమేన్ కూడా నోట్లోనే అనుకున్నాను.

కానీ మంచాల మధ్య నడుస్తుంటే ఆ "నువ్వు" చెవిలో ఉండిపోయింది. నన్ను ఏ గొంతుతో అన్నదో, ప్రభువునూ అదే గొంతుతో అన్నది. చిన్నప్పటి నుంచి నేనూ ప్రార్థనలో ఆయన్ను నీవు అనే అంటున్నాను. మీరు అన్న రోజు లేదు. ఆయన దాన్ని అమర్యాదగా తీసుకున్నాడని ఏనాడూ అనుకోలేదు. తీర్పు తీర్చవద్దని చర్చిలో లెక్కలేనన్ని ప్రసంగాలు విన్నాను. అవి సూర్యాపేట వాళ్ల కోసం చెప్పినవనుకునేదాన్ని. వాళ్లు నా "అండి" విని నన్ను తేల్చేసినట్టే, నేను ఈమె "నువ్వు" విని ఈమెను తేల్చేశాను. ఆయన స్వీకరించిన మాటను తిరస్కరించే హోదా నాకు లేదు.

హ్యాండోవర్ అయ్యాక రూతును డ్యూటీ రూములో కూర్చోబెట్టి, నన్ను నువ్వు అంటావెందుకని సూటిగా అడిగాను.

"మరేమనాలె సిస్టర్? మా అమ్మను నువ్వనే అంట. మా పాస్టరయ్యను గూడ నువ్వనే అంట," అంది. మళ్లీ తనే, "నువ్వే నన్ను గారు గారు అంటున్నవ్. ఈమెకు నేనంటే పడ్తలేదు, ఇగ ఎల్లగొడ్తది అనుకున్న," అంది.

ఆమె అనుకున్నదాంట్లో పొరపాటేమీ లేదు.

సిఫారసు రాశాను. రోగులను మీరు అనడం నేర్చుకోవాలని అందులోనే చేర్చాను. ఆ విషయంలో నేను తగ్గలేదు. రూతు కొంత నేర్చుకుంది, "మీరు జర పక్కకు తిరుగు తాతా" అనేంత వరకు. ఉద్యోగం ఖాయమైంది.

నాకు జరిగిన అవమానాలను మర్చిపోవాలని ఈ సంఘటన నాకు నేర్పలేదు. అవమానం జరిగిందో లేదో ముందు అడిగి తెలుసుకోవాలని నేర్పింది. రిటైరయ్యేదాకా, ఎవరి మీదైనా అభిప్రాయం రాసేముందు వాళ్ల పేరు చెప్పి ప్రార్థన చేశాను. ఆ తర్వాత వాళ్లనే పిలిచి అడిగాను. కొందరి విషయంలో అడిగాక కూడా నా అభిప్రాయం మారలేదు. అప్పుడు అదే రాశాను.